రాకాసి గుళ్ళు చూసొచ్చిన చెల్లెలికి

చెల్లెమ్మా,

నీ వ్యాసం చదివాను. ఊరవతల చెలకల్లోకి ఎండలో నడిచి వెళ్ళి, రాకాసి గుళ్ళు, అంటే పాతకాలపు మనుషులు బండలతో కట్టిన సమాధులు, చూసి వచ్చి రాశావు. చాలామంది అక్కడిదాకా వెళ్ళకుండానే రాసేస్తారు. అందుకని ముందు మెచ్చుకుంటున్నాను. తిట్లు ఇక మొదలు.

ఆరు పేజీల్లో రాళ్ళకు నువ్విచ్చింది నాలుగు వాక్యాలు. మిగతాదంతా గాలి, నిశ్శబ్దం, మృత్యువు, నీ ఒళ్ళు జలదరించడం. 'కాలం ఇక్కడ ఆగిపోయింది' అన్నావు. అదే పేజీలో, వలయంలోని రెండు బండల్ని ఎవరో ట్రాక్టరుతో చేను గట్టు మీదికి జరిపారనీ రాశావు. ట్రాక్టరు వచ్చిన చోట కాలం ఆగడమేమిటి? రెండో వాక్యం నువ్వు చూసింది, మొదటిది ఎక్కడో చదివింది. ఆ సమాధి ముందు నిలబడి చావు గురించి ఆలోచించడం ఎవరికైనా వస్తుంది. అది కొందరు మనుషులు కలిసి చేసిన పని అని చూడటం కష్టం. నువ్వు రాయాల్సింది దాన్ని.

బండల దగ్గరే మొదలుపెట్టు. మన దగ్గర ఎక్కువగా కనిపించే రకమే నువ్వు చూశావు: చుట్టూ పెద్ద బండల వలయం, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ పోసిన కుప్ప, దాని కింద గొయ్యి. కొన్నింట్లో గోతిలో నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక మూతగా వేస్తారు. మన గ్రానైటు గుట్టలు ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడతాయి కాబట్టి పలక దొరకడం అంత కష్టం కాకపోవచ్చు. దాన్ని తీసుకురావడమే కష్టం. దగ్గర్లో గుట్ట ఎంత దూరం? మధ్యలో వాగుందా? దారి ఎక్కుడా, దిగుడా? వలయం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎన్ని అడుగులు? ఏ వైపు బండలు పెద్దవి? ఇవన్నీ రాస్తే సర్వే రిపోర్టు అయిపోతుందని టెన్షన్ పడకు. కొలతలు చేతిలో ఉంటే భావం దానంతటదే వస్తుంది. భావం ముందు రాసేస్తే కొలతలకు చోటుండదు.

ఇక గోతి లోపల. చాలా సమాధుల్లో అస్థిపంజరం పూర్తిగా దొరకదు. కొన్ని ఎముకలే ఉంటాయి, అవీ ఒక్కోసారి ఒకరికి మించినవాళ్ళవి. శరీరాన్ని ముందు వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారని పురావస్తు పరిశోధకులు అంటారు. అంటే చావు ఒకనాడు, సమాధి ఇంకొకనాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లోకి వెళ్ళు. ఎముకలు ఏరిందెవరు? ఏవి వదిలేశారు? బండలు లాగడానికి పిలిస్తే ఎవరొచ్చారు, ఎవరు మొహం చాటేశారు? సమాధానాలు కల్పించొద్దు, ప్రశ్నలు ప్రశ్నలుగానే రాయి. నువ్వు రాసిన 'అనంత దుఃఖం' కంటే ఇందులో దుఃఖం ఎక్కువుంది. కాస్త మొహమాటమూ, కాస్త అప్పూ కూడా ఉండి ఉండొచ్చు.

సమాధిలో పెట్టిన సామాను గురించి 'అపురూప సంపద' అని తేల్చేశావు. ఇలాంటి చోట్ల మామూలుగా దొరికేది కుండలూ, ఇనుప సామానూ. కుండలు లోపలా అంచు దగ్గరా నలుపు, బయట కింది భాగం ఎరుపు. బోర్లించి కాల్చితే లోపలికి గాలి అందక నల్లబడుతుందని ఒక వివరణ. ఇనుములో గొడ్డళ్ళు, కొడవళ్ళు, బాణపు మొనలు, కత్తులు. ఇనుము తీయాలంటే రాయి ఏరాలి, బొగ్గు కాల్చాలి, కొలిమి ఊదాలి. ఆ రోజుల్లో, మర్నాడు చేలో పనికొచ్చే కొడవలిని మట్టిలో పెట్టి కప్పేశారు. ఇది నమ్మబుద్ధి కానంత పెద్ద విషయం. దీనికి ఒక పేరా ఇవ్వు.

'వేల వేల ఏళ్ళ నాటి' అన్నది కూడా తీసెయ్. దక్కన్‌లో ఇలాంటి సమాధుల్ని ఎక్కువగా క్రీ.పూ. 1200కీ 300కీ మధ్య ఇనుప యుగానివిగా చెబుతారు, అటూ ఇటూ పోయేవీ ఉన్నాయి. నువ్వు చూసినదాన్ని ఎవరూ తవ్వలేదు కనుక అంతవరకు చెప్పి ఆపు.

మధ్యలో ఐర్లాండ్ రాతి సమాధి న్యూగ్రేంజ్‌ని తెచ్చావు. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో అక్కడ పొద్దుటి ఎండ సన్నని దారి గుండా లోపలి గదిదాకా పాకుతుంది. ఐదు వేల ఏళ్ళ నాటి కట్టడం, అద్భుతమే. కానీ దానికి లోపలికి దారి ఉంది. నువ్వు చూసినదాన్ని మట్టీ రాళ్ళూ పోసి మూసేశారు. దయచేసి దాంట్లోకి సూర్యకిరణాన్ని పంపకు. ఆకాశంతో ముడిపడిన రాళ్ళే కావాలంటే నారాయణపేట జిల్లా ముడుమాల్ వెళ్ళు. కృష్ణ ఒడ్డున నిలువురాళ్ళున్నాయి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. సూర్యుడి రాకపోకలకూ ఆ వరసలకూ సంబంధం ఉందని అక్కడ పనిచేసిన పరిశోధకులు అంటున్నారు. అది వేరే వ్యాసం.

మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు అధికారి పేరు విన్నావా? 19వ శతాబ్దం మధ్యలో, నిజాం కొలువులో ఉండగా షోరాపూర్ (ఇప్పటి కర్ణాటకలోని సురపుర) ప్రాంతంలో ఇలాంటి సమాధులు తవ్వించాడు. అంతకుముందే, 1839లో, బాటసారుల్ని చంపి దోచే థగ్గుల మీద నవల రాసి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్నవాడు. కథ అల్లడం ఆయనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. అలాంటివాడు సమాధి దగ్గరికొచ్చేసరికి, కుప్పను నిలువుగా కోసినట్టు బొమ్మ గీసి ఏ పొర కింద ఏముందో చూపించాడు. తలలు విడిగా దొరికితే నరబలి అనుకున్నాడు. ఆ ఊహను మనం ఒప్పుకోనక్కర్లేదు. చూసిందాన్నీ అనుకున్నదాన్నీ కలిపెయ్యలేదు కాబట్టి ఆయన రాత ఇప్పటికీ పనికొస్తోంది.

గొర్రెల కాపరి పెద్దాయన, ఇవి రాకాసులు ఒక్క రాత్రిలో కట్టినవని చెబితే 'అమాయక నమ్మకం' అని రాశావు. ఆ మాట కొట్టెయ్. మామూలు మనిషి అంత బండను ఎత్తలేడని ఆయన లెక్కేశాడు. నువ్వేమో ఆ బరువు గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఇద్దరిలో ఎవరు బాగా చూసినట్టు? అలాగే ఆ ట్రాక్టరు నడిపినతన్ని వెతికి పట్టుకో, నిలదీయడానికి మాత్రం కాదు. జరపడానికి ఎంతసేపు పట్టింది, గొలుసు తెగిందా, బండ కింద ఏం కనిపించింది, అడిగి రాసుకో.

మళ్ళీ వెళ్ళేటప్పుడు పంట లేని రోజు చూసుకుని, చేనువాళ్ళని అడిగి, పొద్దున్నే వెళ్ళు. ఏటవాలు ఎండలో కుప్ప ఎత్తుపల్లాలు స్పష్టంగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది.

ఇక కచ్చితంగా చెప్పాల్సింది ఒకటుంది. వ్యాసంలో ఊరి పేరూ, ఏ మలుపు తిరగాలో చెప్పిన వాక్యాలూ, ఫోన్ మ్యాపు బొమ్మా తీసెయ్. అది కాపలా లేని సమాధి. గుప్తనిధుల పిచ్చి పట్టినవాళ్ళు చదివితే రాత్రికి రాత్రి జేసీబీ దింపుతారు. వాళ్ళకు దొరికేది కుండపెంకులూ తుప్పూనే, కానీ ఏది దేని పక్కన ఉందో అన్న సంగతి ఇక ఎవరికీ దొరకదు. జిల్లా పేరు చాలు. నువ్వు జేబులో వేసుకొచ్చిన ఎర్ర పెంకుకూ ఇదే వర్తిస్తుంది. ఫోటోలో అందంగానే ఉంది, అయినా తీసిన చోటే పెట్టిరా.

రాష్ట్ర పురావస్తు శాఖకు కూడా ఒక ఉత్తరం రాయి. బండలు జరిపిన సంగతి వాళ్ళకు తెలియాలి. అందులో మాత్రం ఊరూ, దారీ, ఫోటోలూ అన్నీ పెట్టు. పంపేముందు నాకు చూపిస్తే, ఆఫీసువాళ్ళు పక్కన పడేయకుండా ఎలా రాయాలో చెబుతాను.

ఆశీస్సులతో,
అక్క