పాత కారు, గట్టి పెడల్: బూస్టర్ మార్చే ముందు చూడాల్సినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత స్పోర్ట్స్ కార్ల బ్రేకుల గురించే. ఇంజిన్ బలం పెంచుకున్నాక బ్రేక్ చాలడం లేదని, ఏ బూస్టర్ (పెడల్ మీద కాలి తోపుకి సాయపడే పరికరం) కొనాలని అడిగారు. అందుకే ఈ సంచిక మొత్తం ఆ విషయానికే కేటాయించాం.

ప్రశ్న: నాది 1968 షెవర్లే కమారో, 350 ఇంజిన్. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు, 9 అంగుళాల వ్యాక్యూమ్ బూస్టర్. పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేయించాక హైవే మీద బాగానే ఆగుతోంది గానీ సిగ్నల్ దగ్గర, పార్కింగ్‌లో పెడల్ కర్రలా బిగుసుకుపోతోంది. 11 అంగుళాల బూస్టర్ వేస్తే సరిపోతుందా? — ఒక పాఠకుడు, డాలస్

సరిపోదు. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పుట్టే వ్యాక్యూమ్‌తోనే మీ బూస్టర్ పనిచేస్తుంది. ముందు ఒక వ్యాక్యూమ్ గేజ్ తెచ్చి బూస్టర్ గొట్టం దగ్గర T ఆకారపు జాయింట్‌తో కలిపి చూడండి. ఇంజిన్ వేడెక్కాక, గేరు వేసి, ఐడిలింగ్‌లో ఎంత చూపిస్తోందో రాసుకోండి. మామూలు ఇంజిన్ 17 నుంచి 20 అంగుళాల పాదరసం చూపిస్తుంది. పెద్ద క్యామ్‌తో (వాల్వులని తెరిచి మూసే షాఫ్ట్‌తో) ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. కాలిన వాయువు కొంత ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి తన్నుతుంది, వ్యాక్యూమ్ 10 అంగుళాల దగ్గరికి పడిపోతుంది. హైవేలో యాక్సిలరేటర్ వదలగానే వ్యాక్యూమ్ మళ్లీ పైకి లేస్తుంది కాబట్టి అక్కడ మీకు తేడా తెలియడం లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 9 అంగుళాల బూస్టర్‌లో వ్యాక్యూమ్ లాగే రబ్బర్ పొర (డయాఫ్రమ్) విస్తీర్ణం దాదాపు 410 చదరపు సెంటీమీటర్లు. 18 అంగుళాల వ్యాక్యూమ్ దగ్గర అది సుమారు 255 కిలోల తోపు ఇస్తుంది. 10 అంగుళాల దగ్గర 140 కిలోలే. 11 అంగుళాల బూస్టర్ అదే 10 అంగుళాల వ్యాక్యూమ్‌తో ఇచ్చేది సుమారు 210 కిలోలు. అంటే అంత ఖర్చు పెట్టినా, క్యామ్ మార్చకముందు మీ చిన్న బూస్టర్ ఇచ్చిన తోపు కూడా రాదు. పైగా పెద్ద డబ్బా వాల్వ్ కవర్‌కి తగలకుండా పట్టించడం ఇంకో తలనొప్పి.

గేజ్ మీద 15, 16 అంగుళాలు కనిపిస్తూ కూడా పెడల్ గట్టిగా ఉంటే తప్పు వేరే చోట ఉంది. ఇంజిన్ ఆపి పెడల్‌ని ఐదారుసార్లు తొక్కి గట్టిపడనివ్వండి. కాలు అలాగే పెట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందడం లేదు, లేదా డయాఫ్రమ్ చినిగింది. తర్వాత ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు ఆగి తొక్కండి. మొదటి ఒకటి రెండు తొక్కులు మెత్తగా ఉండాలి. మొదటిదే గట్టిగా ఉంటే గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పట్టడం లేదు, లేదా ఎక్కడో గాలి కారుతోంది. గొట్టాన్ని కూడా చూడండి. లోపలి వ్యాసం 9.5 మిల్లీమీటర్లు ఉండాలి, వ్యాక్యూమ్‌కి తయారైనదే కావాలి. పెట్రోల్ గొట్టం వేస్తే వేడికి మెత్తబడి లోపలికి ముడుచుకుంటుంది. మానిఫోల్డ్‌లో అన్ని సిలిండర్లకూ కలిసిన చోటు నుంచే లైన్ తీయాలి. ఒక్క సిలిండర్‌కి వెళ్లే గొట్టం (రన్నర్) నుంచి తీస్తే వ్యాక్యూమ్ ఎగుడుదిగుడుగా వస్తుంది.

నిజంగా 10 అంగుళాలే వస్తుంటే మీ ముందు మూడు దారులున్నాయి.

వ్యాక్యూమ్ నిల్వ డబ్బా చవక. కానీ అది వ్యాక్యూమ్‌ని పెంచదు, దాచిపెడుతుంది అంతే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చిన 18 అంగుళాలని చెక్ వాల్వ్ వెనుక పట్టి ఉంచి మరో రెండు మూడు తొక్కులకి సాయం చేస్తుంది. ట్రాఫిక్‌లో పది నిమిషాలు పాకితే అదీ ఖాళీ అవుతుంది. మీ ఫిర్యాదే సిగ్నల్ దగ్గర కాబట్టి మీకు దీన్ని సిఫారసు చేయం.

ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపు పనికొస్తుంది. ఉన్న బూస్టర్‌నే ఉంచుకోవచ్చు. పంపుకి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే మీదుగా ఇవ్వాలి. ఇగ్నిషన్ స్విచ్ తీగకి నేరుగా కలిపితే స్విచ్ కాలిపోతుంది. వ్యాక్యూమ్ 18, 20 అంగుళాలకి చేరగానే ఆపే స్విచ్ తప్పనిసరి. పంపుకీ మానిఫోల్డ్‌కీ మధ్య కూడా ఒక చెక్ వాల్వ్ వేయండి, లేకపోతే పంపు లాగిన వ్యాక్యూమ్ అంతా ఇంజిన్‌లోకి పోతుంది. రబ్బర్ బుష్‌ల మీద బిగించినా పంపు చప్పుడు కారులోకి కొంత వినిపిస్తుంది.

మూడోది హైడ్రోబూస్ట్. ఇది పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేస్తుంది, మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌తో సంబంధమే లేదు. బెండిక్స్ కంపెనీ 1970ల మొదట్లో తెచ్చిన ఈ పద్ధతినే ఫోర్డ్ 4.6 లీటర్ల వి8 మస్టాంగ్‌లలో వాడింది. వెడల్పయిన ఆ ఇంజిన్ పక్కన వ్యాక్యూమ్ డబ్బాకి చోటు లేకపోవడమే కారణం. మీ కారు క్యామ్ అలాగే ఉంచాలనుకుంటే, పవర్ స్టీరింగ్ ఉంటే, మా ఓటు దీనికే.

పైపులు కలిపే వరుస తప్పకూడదు. పంపు నుంచి ఒత్తిడి లైన్ హైడ్రోబూస్ట్‌కి, అక్కడి నుంచి స్టీరింగ్ బాక్స్‌కి వెళ్లాలి. హైడ్రోబూస్ట్ సొంత రిటర్న్, స్టీరింగ్ బాక్స్ రిటర్న్ రెండూ పంపు డబ్బాకి వేర్వేరుగా రావాలి. వాటిని దూరంగా ఎక్కడో కలిపితే స్టీరింగ్ తిప్పినప్పుడు రిటర్న్‌లో ఒత్తిడి పెరుగుతుంది, తొక్కకుండానే బ్రేకులు పట్టుకుంటాయి. డబ్బాకి రెండో నాజిల్ వెల్డింగ్ చేయించడం ఉత్తమం.

గాలి తీసే పని మొదలుపెట్టేటప్పుడు, కారు ముందు వైపు చక్రాలు నేల నుంచి పైకి లేపండి. డబ్బా నింపి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ స్పార్క్ రాకుండా చేసి, కొన్ని సెకన్లు స్టార్టర్‌తో తిప్పండి. స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా ఇరవై సార్లు తిప్పండి. తర్వాతే స్టార్ట్ చేసి, తిప్పుతూ బ్రేక్ తొక్కండి. ఆయిల్ నురగ కడితే ఇంజిన్ ఆపి ఒక గంట వదిలేయండి. నురగతోనే నడిపితే పంపు అరిగిపోతుంది. తర్వాత ఎప్పుడైనా పైపు విప్పాల్సి వస్తే, ఇంజిన్ ఆపి పెడల్‌ని కనీసం ఇరవై సార్లు తొక్కండి. బెల్టు తెగినా రెండు మూడుసార్లు ఆపడానికి అక్యుములేటర్‌లో దాచిన ఒత్తిడి అప్పుడే పోతుంది.

మరో మాట. స్టీరింగ్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క కూడా కలవకూడదు. స్టీరింగ్ ఆయిల్ తగిలితే బ్రేక్ రబ్బర్లు ఉబ్బిపోతాయి. పొరపాటున మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తోపుని ఫ్లూయిడ్ ఒత్తిడిగా మార్చే భాగంలో) పోస్తే మాస్టర్ సిలిండర్, కాలిపర్, వీల్ సిలిండర్, హోస్‌ల రబ్బర్ అంతా మార్చాల్సిందే. కడిగితే పోదు.

ప్రశ్న: అదే తరం కమారో. బూస్టర్ లేని కారుకి బూస్టర్, కొత్త మాస్టర్ సిలిండర్ కొని పెట్టించాను. పది కిలోమీటర్లు తిరిగేసరికి ముందు చక్రాలు వేడెక్కుతున్నాయి, పెడల్ పైకి వచ్చేస్తోంది. కాస్త తొక్కినా బ్రేక్ ఒక్కసారిగా పట్టేస్తోంది. — ఒక పాఠకుడు, చికాగో

ఇవి రెండు వేర్వేరు తప్పులు.

మొదటిది: బూస్టర్ ముందు కడ్డీ పొడవు ఎక్కువై ఉంటుంది. కాలు తీసినా అది మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టి పట్టుకుంటే ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్‌కి దారి దొరకక బ్రేకులు తమంతట తామే బిగుస్తాయి. నిర్ధారించుకోవడం తేలిక. చక్రాలు పట్టేసి ఉన్నప్పుడే మాస్టర్ సిలిండర్ నట్లు మూడు నాలుగు మిల్లీమీటర్లు వదులు చేసి సిలిండర్‌ని ముందుకి లాగండి. చక్రం తిరిగితే తప్పు కడ్డీదే. తిరగకపోతే మాస్టర్ దగ్గర పైపు కొద్దిగా విప్పండి. అప్పుడు వదిలితే తప్పు మాస్టర్‌లోనే ఉంది. అప్పటికీ వదలకపోతే కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ విప్పండి. అక్కడ వదిలితే ఫ్లెక్సిబుల్ హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది.

కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య అర మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి. పిస్టన్ గుంటలో చిన్న మైనం ముద్ద పెట్టి మాస్టర్ బిగించి, విప్పి, మిగిలిన మందం కొలవండి. ఖాళీ మరీ ఎక్కువైతే పెడల్ సగం దూరం వృథాగా పోతుంది.

రెండోది: ఆ కారు పెడల్ చేతికి రెండు రంధ్రాలుంటాయి. పైది బూస్టర్ లేని బ్రేకులకి, కిందది బూస్టర్‌కి. మీ మెకానిక్ పాత రంధ్రంలోనే వదిలేసి ఉండొచ్చు. పెడల్ నిష్పత్తి (కాలి తోపుని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో) బూస్టర్ లేకపోతే 6కి 1 దగ్గర, ఉంటే 4కి 1 దగ్గర ఉండాలి. 6కి 1 మీద బూస్టర్ కూడా తోడైతే కాలు ఆనించగానే చక్రం లాక్ అవుతుంది, కడ్డీ కూడా వంకరగా నెడుతుంది. కింది రంధ్రంలోకి మార్చి కడ్డీ తిన్నగా ఉందో లేదో పడుకుని కింది నుంచి చూడండి.

ప్రశ్న: బూస్టర్ అంతా బాగానే ఉంది గానీ బలం ఇంకా కావాలి. మాస్టర్ సిలిండర్ పెద్దది వేయమంటున్నారు. — ఒక పాఠకుడు, విశాఖపట్నం

వద్దు. పెద్ద బోరుతో (సిలిండర్ లోపలి వ్యాసంతో) పెడల్ తక్కువ దూరం దిగుతుంది, గట్టిగా అనిపిస్తుంది, కానీ లైన్‌లో ఒత్తిడి తగ్గుతుంది. అదే తోపుకి 1 1/8 అంగుళాల బోరు నుంచి 1 అంగుళానికి దిగితే ఒత్తిడి దాదాపు 27 శాతం పెరుగుతుంది. పెడల్ దిగే దూరం కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి ముందు పెడల్ నేలకి ఎంత ఎత్తులో ఆగుతోందో చూసుకోండి. కాలిపర్ నిపుల్ స్థానంలో ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజిన్ ఆన్‌లో గట్టిగా తొక్కండి. డిస్క్ బ్రేకులకి 1000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర రావాలి. అంత వస్తూ కూడా కారు ఆగకపోతే బూస్టర్‌ని, మాస్టర్‌ని వదిలేసి ప్యాడ్లు, డిస్కులు చూడండి. వేడికి గాజులా నున్నబడిన (గ్లేజ్ అయిన) ప్యాడ్‌ని ఏ బూస్టరూ బాగుచేయలేదు.

ప్రశ్న: 1987 బ్యూక్ గ్రాండ్ నేషనల్ కొన్నాను. అప్పుడప్పుడు బ్రేక్ లైటు వెలుగుతోంది, బానెట్ కింద మోటారు మాటిమాటికీ తిరుగుతోంది. — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

మీ కారులో ఉన్నది పవర్‌మాస్టర్. మాస్టర్ సిలిండర్‌కే ఎలక్ట్రిక్ పంపు, నైట్రోజన్ నింపిన అక్యుములేటర్ బంతి, ప్రెషర్ స్విచ్ కలిసి ఉంటాయి. బ్రేక్ ఫ్లూయిడ్‌నే ఒత్తిడికి వాడుతుంది. ఒకటి రెండు తొక్కులకే మోటారు తిరుగుతుంటే బంతిలో గ్యాస్ పోయింది. ఎవరూ తొక్కకుండానే మధ్యమధ్యలో తిరుగుతుంటే లోపల ఒత్తిడి కారిపోతోంది. ఈ లక్షణాలతో కారు నడపకండి. మోటారు ఆగిన రోజు సాయం మొత్తం ఒకేసారి పోతుంది. విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి పెడల్ పూర్తిగా గట్టిపడేదాకా తొక్కి ఒత్తిడి తీసేయడం మరవకండి.

రోడ్డు మీదే వాడతారంటే అదే తరం టర్బో లేని బ్యూక్ రీగల్ కారు వ్యాక్యూమ్ బూస్టర్, మాస్టర్ వేసుకోవచ్చు. టర్బో మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎక్కుతుంది కాబట్టి మంచి చెక్ వాల్వ్ తప్పదు. డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి దారి మీద వేగ పందేలకి) వెళ్లేవారైతే వ్యాక్యూమ్ వద్దు. పందెం మొదలయ్యే లైను దగ్గర బ్రేక్ తొక్కి పట్టి టర్బో ఒత్తిడి (బూస్ట్) పెంచుతారు. సరిగ్గా ఆ క్షణంలో మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉండదు, కారు జారి ముందుకి పోతుంది. వారికి షెవర్లే ఆస్ట్రో వ్యాన్ హైడ్రోబూస్ట్ వేసుకోవడం ఈ కార్ల యజమానుల్లో బాగా నలిగిన దారి.

ఏది వేసినా వెనుక చక్రాలు ముందుగా లాక్ అవుతున్నాయేమో ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో చూసుకోండి. అలా అయితే వెనుక లైన్‌లో మాత్రమే సర్దుబాటు వాల్వ్ వేయాలి.

ప్రశ్న: పాత కాంటెస్సాలో టర్బో డీజిల్ ఇంజిన్ పెట్టించాను. బ్రేక్ బూస్టర్ అసలు పనిచేయడం లేదు. గొట్టం మానిఫోల్డ్‌కే కలిపారు. — ఒక పాఠకుడు, సికింద్రాబాద్

గొట్టం అక్కడ ఉన్నంతకాలం పనిచేయదు. ఇలాంటి డీజిల్‌కి పెట్రోల్ ఇంజిన్‌లో లాగా థ్రాటిల్ గాలిని అడ్డుకోదు, కాబట్టి మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పుట్టదు. ఆ ఇంజిన్‌కి సొంత వ్యాక్యూమ్ పంపు ఉండాలి. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్ వెనుక, కొన్నిటిలో క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది. ఇంజిన్ మార్చేటప్పుడు పంపు లేని ఆల్టర్నేటర్ వేసి ఉంటే ముందు అది మార్చండి. అది దొరికేదాకా కారు బయటికి తీయకండి.

ఆల్టర్నేటర్ పంపుకి ఇంజిన్ ఆయిల్ అందాలి. ఆయిల్ ఇచ్చే పైపు బాంజో బోల్ట్‌కి (లోపల నుంచి ఆయిల్ పారే బోలు బోల్ట్‌కి) కొత్త రాగి వాషర్లు వేయించండి. సంప్‌లోకి వెళ్లే రిటర్న్ గొట్టం మొదటి నుంచి చివరి దాకా కిందికే వాలి ఉండాలి. ఎక్కడైనా మడత పడితే పంపులో ఆయిల్ నిండి, చెక్ వాల్వ్ బలహీనంగా ఉంటే బూస్టర్‌లోకి చేరుతుంది. గొట్టం పీకి లోపల వేలు పెట్టి చూడండి. నూనె తగిలితే డయాఫ్రమ్ రబ్బర్ పాడవుతున్నట్టే, బూస్టర్ కూడా మార్చాలి. అన్నీ బిగించాక గొట్టం దగ్గర గేజ్ పెట్టి ఐడిలింగ్‌లో చూడండి. సూది ఆగకుండా ఎక్కి 600 మిల్లీమీటర్ల పాదరసం దాటాలి. ఇంజిన్ ఆపాక వెంటనే జారిపోకుండా నిలబడాలి.