క్యూ తోక, బంతి భోజనం

సందేహం: ఆర్యా, ఇంజనీరింగ్ విద్యార్థులకు లినక్స్ నెట్‌వర్కింగ్ పాఠాన్ని తెలుగులో చెబుతున్నాను. ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో పంపే సమాచారపు ముక్కలు) తమ వంతు కోసం ఆగే 'క్యూ'ను పంక్తి అనాలా, వరుస అనాలా? దారిలో వెనుకాముందై చేరేవాటిని 'వరుస తప్పిన ప్యాకెట్లు' అన్నాను. తరగతి అంతా నవ్వింది. అది తప్పా?
– ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లె, కడప

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. నవ్విన పిల్లలదీ తప్పు కాదు. వరుస అనగానే మన ఇళ్లలో క్రమం కంటే ముందు చుట్టరికం గుర్తుకొస్తుంది. వావివరుసలు తప్పినవాడికి ఊళ్లో పంచాయతీ పెడతారు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌కు అంత నింద దేనికి? 'క్రమం తప్పినవి' అనండి, లేదా మీ ఉత్తరంలోనే ఉన్న 'వెనుకాముందైనవి' అనండి. చక్కని మాటను చేతిలో పెట్టుకుని మరొకటి వెతుక్కోవడం ఈ కాలపు అనువాదకుల అలవాటు. ఐదోది రాకముందే ఆరు, ఏడు, ఎనిమిది వచ్చేస్తే టీసీపీ (ప్యాకెట్లన్నీ క్రమంగా చేరేలా చూసే నియమావళి) వాటిని పక్కన ఉంచుకుని, ఐదోదే కావాలని ప్రతిసారీ కబురు పంపుతుంది. అదే కబురు మూడుసార్లు అదనంగా అందితే, పంపినవాడు ఐదోది పోయిందనుకుని మళ్లీ పంపుతాడు. తీరా చూస్తే అది పోలేదు, దారిలో వెనకబడింది, అంతే. (టీసీపీ అంకెలు వేసేది నిజానికి బైట్లకు, సులువు కోసం ప్యాకెట్లన్నాను.)

ఇక క్యూ. ఫ్రెంచిలో దాని అర్థం తోక. మీ శాస్త్రం కూడా దీన్ని మరిచిపోలేదు: కొత్త ప్యాకెట్ తోకన చేరుతుంది, పాతది తల వైపు నుంచి వెళుతుంది, చోటు చాలకపోతే వచ్చినదాన్ని తోక దగ్గరే తోసేస్తారు. ఇంత చక్కని తోకకు మన పత్రికలు మరో తోక తగిలించి 'క్యూలైన్' అంటున్నాయి. తిరుమల వార్త వచ్చినప్పుడల్లా ఆ మాట కంట్లో నలుసులా పడుతుంది. గేటుతలుపు అన్నవారిని వెక్కిరించేవారే ఇదీ రాస్తారు!

మీరు పంక్తి పేరెత్తారు, ఇక నన్ను ఆపడం కష్టం. పంక్తికి మొదటి అర్థం ఐదింటి గుంపు. వేదంలో పంక్తి ఛందస్సుకు ఎనిమిదేసి అక్షరాల పాదాలు ఐదు. తర్వాతి ఛందస్సులో పంక్తి అంటే పాదానికి పది అక్షరాలు. దశరథుడిని పంక్తిరథుడనీ, రావణుడిని పంక్తికంఠుడనీ కవులు అన్నది ఈ పది లెక్కనే. ఆ పంక్తే తెలుగు నోట పడి బంతి అయింది. భక్తి బత్తి అయినట్టే ఇక్కడా కకారం జారిపోయింది. సున్న పక్కన ద్విత్వం నిలవదు కనుక 'బంత్తి' కాలేదు. ఆటబంతి సంగతి వేరు.

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి వెళ్లాను. మొదటి బంతి వారికి ఓళిగలు వడ్డిస్తుండగానే రెండో బంతి వారు వచ్చి కుర్చీల వెనుక నిలబడ్డారు. ఒక పెద్దాయన చేయి నా కుర్చీ వీపు మీదే ఉంది. నేను మజ్జిగకు రాగానే ఆయన కండువా తీసి భుజం మార్చుకున్నాడు. మీ క్యూ పాఠమంతా ఆ కండువాలో ఉంది. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే' అన్న సామెత ఊరికే పుట్టలేదు. లినక్స్‌లో పీఫైఫో ఫాస్ట్ అనే పద్ధతిలో సున్నా, ఒకటి, రెండు అని మూడు బ్యాండ్లు, అంటే ప్రాధాన్యం కొద్దీ విడదీసిన అరలు, ఉంటాయి. సున్నా బ్యాండులో ప్యాకెట్ ఉన్నంతసేపూ ఒకటోదానికి వడ్డన లేదు. ఆ రెండూ ఖాళీ అయితేగాని రెండోదానికి లేదు. ఏ ప్యాకెట్ ఏ బ్యాండులోకి పోవాలో దాని నుదుటి రాత, అంటే దాని మీదున్న ప్రాధాన్యపు గుర్తు, చూసి నిర్ణయిస్తారు. ఇక్కడ కడబంతిలో కూర్చుంటే మాత్రం ఒకటే కాదు, ఆకలితో మాడాలి.

కాబట్టి బ్యాండును బంతి అనమని నా కోరిక. క్యూను కూడా బంతి అనవచ్చా? అనాలనే ఉంది, మనసు ఒప్పుకోవడం లేదు. బంతిలో అందరూ కలిసి కూర్చుని కలిసి లేస్తారు. క్యూలో ఒకటి వెళ్లాక మరొకటి వెళుతుంది. దానికి 'బారు' నయం. నెట్‌వర్క్ కార్డు నుంచి వచ్చిన ప్యాకెట్లను లినక్స్ మామూలుగా ఒక విడతకు 64కు మించకుండా ఎత్తుకుంటుంది. ఆ విడతను బంతి అంటే ఎవరూ తప్పు పట్టలేరు. వరుస, వంతు కూడా ఒకటి కావు: వరుస అందరిదీ కలిపి, వంతు ఒక్కొక్కరిది. బఫే వచ్చి బంతి భోజనాలు తగ్గాక మీ విద్యార్థుల్లో ఎందరికి ఈ మాట తెలుసో ముందు అడిగి చూడండి. తెలియదంటే క్యూనే ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. దాని పక్కన లైన్ మాత్రం చేర్చకండి.