ఫోటోలో కనిపించని ముడతకు ఎవరు బాధ్యులు?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూనే సేకరణ కార్డులు కొని ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంటాను. నెలకు నాలుగైదు అమ్ముడవుతాయి. ఈమధ్య 1999 నాటి పోకెమాన్ హోలో (బొమ్మ తళతళ మెరిసే) కార్డును పుణెకు చెందిన ఒకాయన రూ.22,000కు పాడుకున్నారు. దాని వెనకవైపు ఒక మూల సన్నని ముడత ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ‘మింట్ కండిషన్, ఉన్నది ఉన్నట్టు అమ్మకం, వాపసు లేదు’ అని మాత్రం రాశాను. ముందువైపువి మూడు, వెనకవైపుది ఒక ఫోటో పెట్టాను. ఇప్పుడు ఆయన డబ్బు తిరిగి ఇవ్వకపోతే 420 కేసు పెడతానని లాయరు నోటీసు పంపించారు. నేను అబద్ధం చెప్పలేదు కదా, భయపడాలా? మరో మాట. పాట మరీ తక్కువలో ఆగిపోతుందేమోనని మా బావమరిది రెండుసార్లు పెంచాడు. అదేమీ సమస్య కాదనుకుంటాను. ఫోటోలు, నోటీసు జతచేశాను.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు చివర్లో ‘మరో మాట’ అంటూ తేలిగ్గా చెప్పేసిన విషయమే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ముడత సంగతి చూద్దాం.

మీరు పంపిన వెనకవైపు ఫోటోను పెద్దది చేసి చూశాను. కార్డును చేత్తో పట్టుకుని, పైన వెలుగుతున్న ట్యూబులైటు కింద తీశారు. నోటీసుతో వచ్చిన ఫోటోలో ముడత కింది ఎడమ మూలన, దాదాపు సెంటీమీటరు పొడవున ఏటవాలుగా ఉంది. మీ ఫోటోలో సరిగ్గా ఆ మూల మీద మీ బొటనవేలు ఉంది. కాకతాళీయమే కావచ్చు, మీ మాట నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూసే న్యాయమూర్తికి మీరెవరో తెలియదు.

‘అడగలేదు, అందుకే చెప్పలేదు’ అనే వాదనకు చట్టంలో కొంత చోటు లేకపోలేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 17 వివరణ ప్రకారం ఊరకే మౌనంగా ఉండటం మోసం కాదు. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు మాత్రం మోసమవుతుంది. అయితే తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడాన్ని అదే సెక్షన్ మోసాల జాబితాలో చేర్చింది. పైగా మీరు మౌనంగా ఉన్నారా? లేరు. ‘మింట్’ అన్నారు. బజారులో ‘ఫస్ట్ క్లాస్ సరుకు’ అంటే అది అమ్మేవాడి గొప్ప అనుకుని వదిలేస్తారు. కార్డులు సేకరించేవారి మధ్య మింట్ అలాంటి గాలి మాట కాదు. శ్రేణులు నిర్ణయించే అమెరికన్ సంస్థ పీఎస్‌ఏ కొలమానంలో మింట్ అంటే 10కి 9. సన్నని ముడత కనిపించవచ్చన్న మాట 4వ శ్రేణి దగ్గర వస్తుంది. 9కీ 4కీ ధరలో ఎంత తేడా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

వస్తు విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 15 ఉంది. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది అమ్మకంలో ఇమిడి ఉన్న షరతు. ఆన్‌లైన్ అమ్మకంలో రాసిన నాలుగు మాటలే కాదు, పెట్టిన ఫోటో కూడా వర్ణనే. మామిడి మండీకి వచ్చిన వ్యాపారి గంపలో చేయి పెట్టి అడుగు కాయ తీసి, కోసి, వాసన చూసి ధర చెబుతాడు. పుణెలో కూర్చున్న మనిషికి మీ కెమెరా చూపించినదే కార్డు. అందుకే, ఆయన జాగ్రత్తగా ఉండి ఉంటే నిజం తెలిసేది అన్న వాదన మీద ఆధారపడవద్దు. వేలు కింద ఉన్నదాన్ని ఆయన ఎంత జాగ్రత్తగా చూస్తే మాత్రం కనిపిస్తుంది?

‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాటకు విలువ లేదని కాదు. అదే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 62 ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పుకుని ఇలాంటి షరతులను పక్కన పెట్టుకోవచ్చు. కానీ ఉన్నది చూపించి, చెప్పిన తర్వాతే ఆ మాట పనికొస్తుంది. మోసం జరిగిందని తేలితే ‘వాపసు లేదు’ అన్న వాక్యం అడ్డుపడదు. మన ఊళ్లోనే చూడండి. భక్తులు సమర్పించిన వాచీలను, మొబైల్ ఫోన్లను తిరుమల తిరుపతి దేవస్థానం ఈ-వేలం వేసేటప్పుడు కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని ప్రకటనలోనే చెబుతుంది. దెబ్బతిన్నవని తెలిసే జనం పాడుకుంటారు.

ఇక 420 బెదిరింపు. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 వచ్చింది. మోసగించి ఆస్తి రాబట్టుకున్నారని రుజువైతే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ ఒప్పందం తప్పిన ప్రతిసారీ అది నేరం కాదని, లావాదేవీ మొదట్లోనే మోసపు ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. ముడత ఒక్కటే అయితే క్రిమినల్ కేసు నిలబడటం కష్టమని చెప్పేవాడిని. ముడత, వేలు, బావమరిది మూడూ కలిస్తే అంత ధీమాగా చెప్పలేను.

వినియోగదారుల కమిషన్ మార్గం ఆయనకు మరింత సులువు. సొంతానికి కొన్నవారైతే 2019 చట్టం ప్రకారం తాను నివసించే చోటే, అంటే పుణెలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. తిరిగి అమ్మడానికి కొన్నవారికి ఆ చట్టం వర్తించదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అప్పుడప్పుడూ సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తిని వదిలేస్తాయి, నిజమే. నెలకు నాలుగైదు కార్డులు కొని అమ్మే మీకు ఆ మినహాయింపు దొరకడం అనుమానమే. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వాపసుకు నిరాకరించకూడదని ఆ నిబంధనలు అమ్మకందారుకు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇప్పుడు బావమరిది. వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 64 వేలం గురించే రాసినది. అమ్మకందారు తానుగానీ, తన తరఫున మరొకరుగానీ పాడే హక్కును ముందే ప్రకటించుకోకపోతే పాడకూడదు. ధర పెంచడానికి దొంగపాట పాడిస్తే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఉంటుంది. ముడత లేకపోయినా సరే, కార్డు అద్దంలా ఉన్నా సరే. చట్టం సుత్తి దెబ్బ గురించి మాట్లాడింది, మాది గడియారం ఆగితే ముగిసే ఆన్‌లైన్ వేలం అని వాదించవచ్చు గానీ, ఆ వాదనతో కోర్టు మెట్లెక్కమని నేను సలహా ఇవ్వను.

ఈ రెండు తప్పులూ ఒకేచోట కలిసిన కేసు అమెరికాలో ఉంది. 1909–11 కాలంలో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డుల్లో ఒకదానికి పీఎస్‌ఏ 8 ఇచ్చింది. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. పేరున్న వేలం నిర్వాహకుడు బిల్ మాస్ట్రో ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. తన వేలాల్లో దొంగపాటలతో ధరలు పెంచినట్టూ ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలుశిక్ష పడింది. మీది ఆ స్థాయి వ్యవహారం కాదు. కానీ అక్కడ కూడా కొన్నవారికి తెలియకుండా దాచినదే నేరమైంది.

మీరు చేయాల్సింది ఇది. నోటీసులోని గడువు దాటకుండా, మీ హక్కులకు భంగం లేకుండా అని పేర్కొంటూ, కార్డు వెనక్కి పంపితే పూర్తి సొమ్ము, రెండువైపుల కొరియర్ ఖర్చులతో సహా ఇస్తానని లాయరు ద్వారా రాయించండి. ముడతకు తగ్గట్టు కొంత సొమ్ము ఇచ్చి సర్దుబాటు చేసుకోవడమూ ఒక దారే, కానీ దొంగపాట ఉన్నందున పూర్తి వాపసే మంచిది. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ముద్రణలోని చిన్న చుక్కలు, అంచుల కొలతలు మీ పాత ఫోటోలతో సరిపోతున్నాయో లేదో చూసి, వచ్చింది అదే కార్డని నిర్ధారించుకోండి. ఆ తర్వాత వివాదం ముగిసిందని రాతపూర్వకంగా తీసుకోండి. అప్పటివరకు వేలం ప్రకటన, బావమరిదితో మీ సందేశాలు ఏవీ తొలగించవద్దు. సాక్ష్యం చెరపడం విడిగా నేరం. ఫోన్‌లోని అసలు ఫైళ్లు అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తే అవే కావాలి.

కార్డును మళ్లీ వేలానికి పెట్టేటప్పుడు ప్లాస్టిక్ తొడుగు తీసి, నల్లటి గుడ్డ మీద ఉంచి, రెండువైపులా నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. నీలం అంచుల మీద తెల్లబడిన చోట్లు నల్లటి నేపథ్యంలోనే బయటపడతాయి. తర్వాత కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా కార్డును వంచి ఇంకొకటి తీయండి. ముడతలు, హోలో మీది గీతలు ఆ ఫోటోలోనే కనిపిస్తాయి. ఫోన్ తనంతట తాను మెరుగులు దిద్దే సదుపాయాన్ని ఆపేయండి. మరీ తక్కువకు పోతుందన్న భయం ఉంటే రిజర్వు ధర, అంటే అంతకు తక్కువకు అమ్మనన్న కనీస ధర, పెట్టుకోండి, సెక్షన్ 64 దాన్ని అనుమతిస్తుంది. వివరణ ఇలా రాస్తే నాకు అభ్యంతరం ఉండదు: ‘1999 హోలో. ముందువైపు రెండు సన్నని గీతలు, 5వ ఫోటోలో చూడండి. వెనకవైపు కింది ఎడమ మూలన సుమారు సెంటీమీటరు ముడత, 6వ ఫోటోలో చూడండి. ఏ సంస్థా శ్రేణి ఇవ్వలేదు. రిజర్వు ధర ఉంది.’