ప్రతీకార చర్య, రుచి సున్నితత్వం

సందేహం: విశాఖపట్నంలో ఫిజియాలజీలో పీజీ చదువుతున్నాను. మా పరిశోధనకు వచ్చేవారి చేత సంతకం చేయించుకొనే తెలుగు అంగీకార పత్రంలో ‘మీ రుచి సున్నితత్వాన్ని, అసంకల్పిత ప్రతీకార చర్యలను కొలుస్తాము’ అని రాశాను. జాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన అది చదివి, ‘ప్రతీకారమేటి బాబూ, ఎవరిమీద?’ అని అడిగారు. ఆ మాట తప్పా? మార్చాలంటే ఏమని మార్చాలి?

సమాధానం: తప్పు కాదు. సంస్కృతంలో ప్రతీకారమంటే ఎదురుగా జరిగే పని, ఎదురుచర్య. రోగానికి చేసే చికిత్సనూ, తీర్చుకొనే పగనూ కూడా ఆ మాటతోనే చెప్పారు. మన సైన్సు పాఠ్యపుస్తకాలు ఎదురుచర్య అనే అర్థాన్ని తీసుకొని ‘అసంకల్పిత ప్రతీకార చర్య’ను (రిఫ్లెక్స్, అంటే మన సంకల్పం లేకుండానే ఒళ్లు చేసే పని) స్థిరపరచాయి. అయితే వాడుకలో పగ అనే అర్థమొక్కటే నిలిచింది కనుక పెద్దాయన అడిగిన దాంట్లో న్యాయముంది. పరిశోధన వ్యాసంలో ఆ మాటను ఉంచండి. అంగీకార పత్రంలో మాత్రం ‘మోకాటి చిప్ప కింద చిన్న రబ్బరు సుత్తితో తడతాము, కాలు దానంతటదే ఎగురుతుంది, దాన్ని కొలుస్తాము’ అని జరిగేది జరిగినట్టు చెప్పండి. ఇందుకు తెలుగు క్రియలే సాయపడతాయి. ‘కాలు ఎత్తాను’ అంటే ఎత్తినవాడిని నేను. ‘కాలు లేచింది’ అంటే అందులో నా ప్రమేయం లేదు. తుమ్మొచ్చింది, పొలమారింది, రెప్ప పడింది, నోరూరింది అన్నప్పుడు మనిషి కర్త కాడన్న సంగతి వాక్యంలోనే ఉంది. వేరే ‘అసంకల్పిత’ అనే విశేషణం తగిలించనక్కరలేదు.

దీపం వెలగగానే మీట నొక్కించే పరీక్ష కూడా మీ పరిశోధనలో ఉంటే, దాన్ని ఇదే పేరుతో పిలవకండి. అక్కడ మనిషి చూసి, నిశ్చయించుకొని నొక్కుతాడు. అందుకు సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మోకాలి దగ్గర తట్టినప్పుడు వార్త వెన్నుపాము దాకా వెళ్లి వెనుదిరుగుతుంది, తొడ కండరం 50 మిల్లీసెకన్ల లోపే స్పందిస్తుంది. మీట నొక్కడానికి పట్టే సమయాన్ని ‘ప్రతిస్పందన కాలం’ అనడం మేలు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది మీరు అడగని రెండో మాట, ‘రుచి సున్నితత్వం’. కాలు ఎగరడానికి భాషతో పనిలేదు. పత్రంలో ఏమి రాసినా ఎగురుతుంది. రుచి అలా కాదు. మీరు వేసిన ప్రశ్నకు ఆ మనిషి నోటితో చెప్పిన జవాబే మీ కొలత, కనుక ప్రశ్నలో మాట తప్పితే కొలతా తప్పుతుంది. ‘సున్నితం’ అంటే మనకు నాజూకైనది, ఇట్టే నొచ్చుకొనేది. ‘మీ నాలుక సున్నితం’ అంటే కారం తట్టుకోలేని నాలుక అనుకుంటారు. మీరు చెప్పదలచినది రుచిని పసిగట్టే శక్తి, అలాగే రాయండి.

గ్లాసు చేతికిచ్చి ‘రుచి ఎలా ఉంది?’ అని అడగడం ఇంకా పెద్ద చిక్కు. తెలుగులో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ‘బాగుంది’ లేదా ‘బాగాలేదు’. రుచి అనే మాటలోనే ఇష్టం కలిసి ఉంది. ‘రుచించలేదు’ అంటే నచ్చలేదనే. మీకు కావలసినవి వేరే రెండు సంగతులు: నీళ్లలో ఏదో ఉందని తెలియడం, అది ఫలానా అని గుర్తుపట్టడం. మొదటిదానికి చాలిన గాఢత రెండోదానికి చాలదు. మూడు గ్లాసులలో రెండింట ఉత్త నీరు, ఒకదాంట్లో ఉప్పునీరు పోసి, ముందు ‘వీటిలో ఏది తేడాగా ఉంది?’ అని, తరువాత ‘ఏ రుచి తగిలింది?’ అని అడగండి. ‘ఉప్పు తగిలీ తగలనట్టుంది’ అని మన వంటిళ్లలో రోజూ వినిపించే మాటే మీ పరీక్షకు సరిగ్గా సరిపోతుంది. విశాఖలో ‘ఏటీ తగల్లేదు’ అన్న జవాబు వస్తే అది స్పష్టమైన ఫలితం. పాఠ్యగ్రంథాల సగటు లెక్కలో లీటరు నీటికి అర గ్రాముకు కాస్త పైన ఉప్పు కలిస్తే తగలడం మొదలవుతుంది. చక్కెరకు దాదాపు మూడున్నర గ్రాములు కావాలి. మలేరియా మందైన క్వినైన్ చేదుకు రెండున్నర మిల్లీగ్రాములు చాలు. ఈ కనీస గాఢతను ‘అవధి’ అని రాసినప్పుడు, అవధి తక్కువైతే పసిగట్టే శక్తి ఎక్కువని మరవకండి. ‘మీకు తక్కువ వచ్చింది’ అంటే విన్నవారు నాలుకకేదో లోపముందని బెంగపెట్టుకుంటారు. ‘కొద్దిపాటి ఉప్పునే పట్టేశారు’ అనండి.

ఉగాది పచ్చడి తిని పెరిగినవారు ఆరు రుచుల కోసం చూస్తారు. ఫిజియాలజీ లెక్కలోనివి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం పులుసులో తగిలేలాంటి కమ్మదనం). కారాన్ని వేడినీ నొప్పినీ తెలిపే నరాల పనిగాను, వగరును ఎక్కువగా స్పర్శగాను చూస్తారు. అయినా ఈ రెండు మాటలకూ మీ పట్టికలో చోటివ్వండి. లేకపోతే వగరనిపించినవారు చేదు గడిలో గీత పెడతారు. సంస్కృతంలో కషాయమంటే వగరు, కాని మన ఇళ్లలో ‘ఉప్పు కషాయం’ అంటే ఉప్పు బాగా ఎక్కువైందని. అందువల్ల వారు అన్న మాటను అన్నట్టే ముందు రాసుకొని, అది ఏ గడిలోకి వస్తుందో తరువాత నిర్ణయించండి.