ఎంఆర్‌పీ మీద ‘కూలింగ్ చార్జీ’ తీసుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఖమ్మం. నెల సరుకుల ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చా అని లెక్క రాయడం మొదలుపెట్టాను. మా వీధి కిరాణా కొట్టులో రోజూ రెండు పాల ప్యాకెట్లు తెచ్చుకుంటాం. ఒక్కోదానికి ముద్రించిన ధర కన్నా 2 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారు. అడిగితే ‘కూలింగ్ చార్జీ, ఫ్రిజ్ కరెంటు బిల్లు మీరు కడతారా?’ అంటున్నారు. సూపర్‌మార్కెట్లోనేమో చెప్పాపెట్టకుండా క్యారీ బ్యాగ్‌కు 10 రూపాయలు బిల్లులో వేశారు. ఇంత చిన్న మొత్తాలకు కేసు వేయొచ్చా?
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, రోజుకు 4 రూపాయలంటే నెలకు 120. కాబట్టి మీరు అడగడంలో తప్పేమీ లేదు.

ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. కొట్టతని లాభం, ఫ్రిజ్ ఖర్చు అందులోంచే చూసుకోవాలి. ప్యాకెట్లలో అమ్మే సరుకుల తూకాలు, ధరలకు సంబంధించిన లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011లోని 18వ నిబంధన ప్రకారం చిల్లర వర్తకులు ఆ ధర దాటి అమ్మకూడదు. ‘కూలింగ్ చార్జీ’ అనేది చట్టంలో ఎక్కడా లేదు. అయితే పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు ముందే మాట్లాడుకుని కొంత తీసుకుంటే అది వేరే సంగతి, అది డెలివరీ చార్జీ. హోటల్లో కూర్చుని తాగే నీళ్ల సీసాకు కూడా ఈ నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘హోటళ్లు తీసుకోవడం లేదా’ అని మీ కొట్టతను వాదిస్తే, కౌంటర్ మీద ప్యాకెట్ అమ్మడానికి ఆ తీర్పు పనికిరాదని చెప్పండి.

చిక్కంతా రుజువు దగ్గరే. పాలకు ఎవరూ బిల్లు ఇవ్వరు. అడిగినా ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే, కానీ రెండు ప్యాకెట్ల కోసం రోజూ ఆ గొడవ ఎవరు పెట్టుకుంటారు? ఒక పని చేయండి. నాలుగైదు రోజులు పాలకు మాత్రమే విడిగా ఫోన్‌లో డబ్బు కట్టండి. వేరే సరుకులు అందులో కలపొద్దు. ధర, తేదీ కనబడేలా ఖాళీ కవర్లు కడిగి దాచి, పేమెంట్ స్క్రీన్‌షాట్లతో జతచేయండి.

క్యారీ బ్యాగ్ విషయంలో మీ బలం కాస్త తక్కువ. బయటి సంచులు లోపలికి రానివ్వకుండా, బ్యాగ్‌కు డబ్బులని ముందు చెప్పకుండా బిల్లు కౌంటర్ దగ్గర వసూలు చేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. గుమ్మం దగ్గర ధరతో బోర్డు పెట్టి, మీ సంచిని రానిచ్చి ఉంటే మాత్రం ఆ 10 రూపాయలు వదిలేసి ఈసారి ఇంటి నుంచే సంచి పట్టుకెళ్లండి.

మీరు అడగనిది ఒకటి. అదే కొట్లో అరకిలో కందిపప్పు ముందే తూచి, కవర్లో పోసి, పిన్ను కొట్టి పెడుతుంటారు. కొనేవాళ్లు లేనప్పుడు కట్టిన పొట్లం కూడా చట్టం దృష్టిలో ప్యాకేజ్డ్ సరుకే. దానిమీద నికర తూకం, ధర, ప్యాక్ చేసిన వివరాలు ఉండాలి. ఏమీ లేని కవర్ ఇస్తే మీ ఎదురుగా కాటా మీద పెట్టించండి. నా అనుభవంలో ఇళ్లలో డబ్బు ఎక్కువగా పోయేది పాల దగ్గర కాదు, ఈ తూకాల దగ్గరే. మీ ముందు విడిగా తూచి ఇచ్చే పప్పుకు మాత్రం ఎంఆర్‌పీ ఉండదు, అక్కడ బేరమే.

ఇక కేసు. ముందే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని నేను చెప్పను. మీ జిల్లా తూనికలు, కొలతల శాఖ అధికారికి కవర్ల ఫొటోలతో ఒక కాగితం రాసివ్వండి, లేదా జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇన్‌స్పెక్టర్ ఒకసారి వచ్చి వెళ్తే చాలా కొట్లలో కూలింగ్ చార్జీ మాట వినబడదు. అప్పటికీ మారకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. కాకపోతే ‘ఏళ్లుగా తీసుకున్నారు’ అని రాస్తే నిలవదు, చేతిలో రుజువున్న రోజులకే అడగండి.