లాక్రాస్ సీజన్‌కు ముందు వేగం, దమ్ము పెంచుకోవడం ఎలా?

అమెరికాలో స్కూలు లాక్రాస్ (చివర వల ఉన్న కర్ర, అంటే స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట) జట్టుకు మిడ్‌ఫీల్డర్‌గా, అంటే దాడిలోనూ రక్షణలోనూ పాల్గొనే ఆటగాడిగా, ఆడబోయే విద్యార్థికి రోజూ ఐదు కిలోమీటర్ల పరుగు సరిపోతుందా అన్నది ప్రశ్న. సరిపోదు. 110 గజాల పొడవున్న మైదానంలో మిడ్‌ఫీల్డర్ ఒక్కసారిగా దూసుకెళ్లి, ఆగి, దిశ మార్చి, కాసేపటికి బయటికి వచ్చి ఊపిరి తీసుకొని మళ్లీ లోపలికి వెళ్తాడు కాబట్టి సాధన కూడా అదే తీరులో సాగాలి.

వేగం కోసం వారానికి రెండు రోజులు, ఒళ్లు బాగా వేడెక్కాక, అలసట లేనప్పుడే 20 నుంచి 30 మీటర్ల దూరాన్ని పూర్తి శక్తితో పరుగెత్తి, ప్రతి పరుగు తరువాత ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. ఆయాసం తీరకుండానే మళ్లీ పరుగెత్తితే దమ్ము పెరుగుతుందేమో గాని వేగం పెరగదు. కొన్ని పరుగులు తప్పనిసరిగా స్టిక్ పట్టుకొనే చేయాలి, ఎందుకంటే చేతులు స్వేచ్ఛగా ఊగనప్పుడు పరుగు తీరే మారిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది ఆగడం. మోకాలి గాయాలు ఎక్కువగా హఠాత్తుగా ఆగినప్పుడు, తిరిగినప్పుడు జరుగుతాయి. అందుకే నడుము దించి, అడుగులు కుదించి, మోకాలు లోపలికి వాలకుండా ఆగడాన్ని మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా అభ్యసించాలి. స్క్వాట్లు (మోకాళ్లు వంచి కూర్చుని లేవడం), లంజ్‌లు (ఒక కాలు ముందుకు వేసి వంగి లేవడం) ఇందుకు బలాన్నిస్తాయి.

దమ్ము కోసం మరో రోజు 30 సెకన్లు గట్టిగా పరుగెత్తి, నిమిషంన్నర నడుస్తూ, ఆరేడుసార్లు చేస్తే చాలు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్ పద్ధతిలో మైదానంలో జట్టుకు ఆరుగురే ఉంటారు, బంతి చేజిక్కిన 30 సెకన్లలోపు షాట్ కొట్టాలి; అక్కడ ఈ సాధన మరింత అవసరం.