ఆ ఉత్తరం ఎవరు రాశారు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహియో కాలం మీద నువ్వు రాసిన నవల రాతప్రతి చదివాను. కొడుకుని పట్టుకుపోయిన మర్నాడు పొద్దున్నే ఆ నాయనమ్మ గోడకున్న ఇత్తడి పలక తుడుస్తుంది చూడు, 'ఈ ఇంట్లో ట్రుహియోయే పెద్ద' అని రాసి ఉన్న పలక. రోజూ తుడిచే గుడ్డతోనే తుడుస్తుంది. ఇవాళ దుమ్ము పట్టి ఉంటే పక్కింటివాళ్ళు గమనిస్తారని. అక్కడ చదవడం ఆపేసి లేచి కాసేపు వరండాలో తిరిగాను. మళ్ళీ వచ్చి నాలుగు పేజీలు తిప్పానో లేదో, అదే ముసలావిడ 'మా వంశానికి శాపం ఉంది' అనేసింది. నువ్వేమో సరేనని తర్వాతి అధ్యాయానికి వెళ్ళిపోయావు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఆవిడ అనాలి, తప్పు లేదు. కొలంబస్ పేరు పైకి పలికితే కీడని, అడ్మిరల్ అని మాత్రమే అనేవాళ్ళున్న దేశం అది. అక్కడివాళ్ళు ఫుకూ అనే ఆ శాపం సంగతి మీ ఇంటి ఓనరమ్మ నీకు చెప్పే ఉంటుంది. పాత్రలు శాపాన్ని నమ్మొచ్చు, రచయిత నమ్మకూడదు. 1930 నుంచి 1961 దాకా ఒకే మనిషి గుప్పిట్లో ఉన్న దేశంలో, రాజధాని పేరు కూడా మార్చి తన పేరు పెట్టుకున్నవాడి కాలంలో, అసలు కారణం నోటితో చెబితే ప్రాణం పోతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు శాపం అన్నారు. దాని వెనక ఒక మనిషి ఉంటాడు. చాలాసార్లు ఆ మనిషి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

'ఎల్ కరిబే' పత్రికలో 'ఫోరో పూబ్లికో' అనే శీర్షిక వచ్చేది. పాఠకుల ఉత్తరాలన్న పేరుతో ఫలానావాడు తాగుబోతు, ఫలానావాడు ద్రోహి అని అందులో అచ్చయ్యేవి. సంతకాలు దొంగవి, రాయించేది పైవాళ్ళు. పొద్దున కాఫీ తాగుతూ పేపరు తెరిచిన మనిషికి అందులో తన పేరు కనిపిస్తే ఇక అంతే. ఉద్యోగం పోతుంది, నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసినవాడు ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. నీ నవలలో తాతగారి ఉద్యోగం 'ఎందుకో' పోయింది. ఎందుకో ఏమిటమ్మా? ఆ ఉత్తరానికి సమాచారం అందించింది ఎవరు? పెద్దకూతురిని చేసుకుంటానని ఆ ఇంటి చుట్టూ తిరిగిన కుర్రాడే అయితే? ప్రేమ, హింస, శాపం అని నువ్వు మూడు దారాలు విడివిడిగా పట్టుకుని అవస్థ పడుతున్నావు. ఆ ఒక్క ఉత్తరంలో మూడూ ఉన్నాయి.

మా వైపు మగపిల్లలు నిలవని ఇల్లు ఒకటి ఉండేది. ఎవరిదో ఉసురు తగిలిందని ఊరంతా అనేవాళ్ళు. ఆ ఇంటి ట్రంకుపెట్టెలో నేనొక పాత దస్తావేజు చూశాను. కింద ఒక విధవరాలి వేలిముద్ర, చెయ్యి పట్టి లాగి వేయించినట్టు పక్కకి అలుక్కుపోయి ఉంది. దాని మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపితే 'దస్తావేజు తీసెయ్యండి, ఉసురు ఉంచండి, పాఠకులకి అదే కావాలి' అని ఎడిటర్ తిప్పి పంపాడు. నేను తియ్యలేదు. కథ ఏళ్ళ తరబడి సొరుగులో పడుంది. తర్వాత మాంత్రిక వాస్తవికత ఫ్యాషన్ వచ్చింది. ప్రతి కథలోనూ పూర్వీకుల ఆత్మలు వంటింట్లో తిరగడం, సీతాకోకచిలుకలు ఎగరడం. డొమినికన్ దేశంలో సీతాకోకచిలుక అన్నది ట్రుహియో మీద పోరాడిన మినెర్వా మిరాబల్ రహస్యోద్యమంలో పెట్టుకున్న మారుపేరు. వాళ్ళు ప్రాణాలొడ్డి సంపాదించుకున్నదాన్ని మనవాళ్ళు అలంకారానికి ఎత్తుకొచ్చారు, ఎడిటర్లు చప్పట్లు కొట్టారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మినెర్వా సంగతే చూడు. 1949లో ట్రుహియో ఇచ్చిన విందులో ఆమె అతనికి లొంగలేదు. ఆ తర్వాత తండ్రిని జైల్లో పెట్టారు. ఆమె లా చదివి పట్టా తెచ్చుకుంటే ప్రాక్టీసుకి లైసెన్సు ఇవ్వలేదు. 1960లో ఆమె భర్తనీ, చెల్లెలు మరియా తెరెసా భర్తనీ పుయెర్తో ప్లాతా జైలుకి మార్చారు. ఇక వాళ్ళని చూడాలంటే కొండదారిన పోవాల్సిందే. నవంబరు 25న చూసి తిరిగొస్తుంటే ట్రుహియో మనుషులు దారికాచి, మినెర్వానీ, మరియా తెరెసానీ, తోడెళ్ళిన అక్క పత్రియానీ, డ్రైవర్ రుఫినో దె లా క్రూస్‌నీ కొట్టి చంపి, యాక్సిడెంట్ అనిపించడానికి జీపుని లోయలోకి తోశారు. మొగుణ్ణి చూడ్డానికి వెళ్ళకుండా ఉండలేరని వాళ్ళకి తెలుసు. ప్రేమనే వలగా వాడారు. నువ్వు మాత్రం ప్రేమ సన్నివేశాలని విశ్రాంతి కోసం రాశావు, లా క్వారెంటా జైలు గది దగ్గరికొచ్చేసరికి పేజీలకి పేజీలు రక్తం పోశావు. ఇంటి ముందు రహస్య పోలీసుల నల్ల ఫోక్స్‌వ్యాగన్ ఆగితే లోపల మొగుడూ పెళ్ళాలు మాట మధ్యలో ఆపేస్తారే, ఆ ఆగిన మాట ఏమిటో రాయి. నాకది కావాలి.

'శాపం సముద్రం దాటి న్యూయార్క్ వచ్చింది' అని కూడా అనిపించావు. 1956 మార్చిలో హెసూస్ దె గలిందెస్ మాయమైంది ఆ న్యూయార్క్‌లోనే. ట్రుహియో పాలన మీద కొలంబియా యూనివర్సిటీకి థీసిస్ రాసిన మనిషి. శవం కూడా దొరకలేదు. అతన్ని మాయం చేసింది జీతాలు తీసుకునే మనుషులు.

ఇంకొకటి. మొదటి అధ్యాయంలో ఒక హైతీ పనిమనిషి ఉంది. 1937 తర్వాత కనిపించదు. 'వెళ్ళిపోయింది' అని ఒక్క మాటతో సరిపెట్టావు. ఆ ఏడాది అక్టోబరులో పక్కదేశం హైతీతో ఉన్న సరిహద్దు పొడుగునా ట్రుహియో సైన్యం వేలమంది హైతీయుల్ని కత్తులతో నరికింది. నీ కథలో ఇల్లు దహాబోన్‌లో, సరిహద్దు మీదే పెట్టావు. ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళింది? తలుపు తీసింది ఎవరు? పలక తుడిచిన ఆ నాయనమ్మేనా? నీకు తెలిసి దాచావో, తెలియకే దాటేశావో నాకర్థం కాలేదు.

పబ్లిషర్ల గురించి అడిగావు, అది తర్వాత. ముందు ఆ తలుపు దగ్గర ఏం జరిగిందో, తాతగారి మీద ఉత్తరం ఎవరు రాశారో తేల్చి ఆ రెండు అధ్యాయాలూ మళ్ళీ రాసి పంపించు. ఫోన్‌లో వద్దు, నా కళ్ళకి కష్టం. ప్రింటు తీసి పోస్టులో వెయ్యి.